లాగ్స్ వేరే మెషీన్‌కి పంపడం: ఆర్‌సిస్‌లాగ్ సెటప్

[స్క్రీన్: ఆథ్ డాట్ లాగ్ ఫైల్, తప్పుడు పాస్‌వర్డ్ లైన్లు వరుసగా పడుతుంటాయి]

సర్వర్‌లో దూరి రూట్ (అన్ని అధికారాలూ ఉన్న ఖాతా) దక్కించుకున్నవాడు ముందు చెయ్యి పెట్టేది, లాగిన్ ప్రయత్నాలు నమోదయ్యే ఈ ఫైల్ మీదే. డెబియన్, ఉబుంటులో దీని పేరు ఆథ్ డాట్ లాగ్, రెడ్ హ్యాట్‌లో సెక్యూర్. పర్మిషన్లు ఎంత బిగించినా రూట్ ముందు చెల్లవు. అందుకే లైన్ పడీ పడగానే దాని కాపీ ఇంకో మెషీన్ చేరాలి. ఆ తర్వాత వచ్చే లైన్లను వాడు ఆపగలడు గానీ, వెళ్లిపోయినవాటిని వెనక్కి లాగలేడు.

ఈ పని ఆర్‌సిస్‌లాగ్ అనే లాగ్ ప్రోగ్రామ్ చేస్తుంది. ముందు లాగ్ సర్వర్, అంటే కాపీలు అందుకునే మెషీన్ సంగతి. ఐఎమ్‌టీసీపీ మాడ్యూల్ (టీసీపీ ద్వారా లాగ్స్ అందుకునే భాగం) లోడ్ చేసి, పోర్ట్ 514 తెరవండి. ఫైర్‌వాల్‌లో మీ మెషీన్ల ఐపీలకే దారి ఇవ్వండి. ఒక్కో మెషీన్‌కి ఒక్కో ఫోల్డర్ పెట్టేటప్పుడు హోస్ట్‌నేమ్ వాడకండి. అది మెసేజ్ లోపల పంపినవాడు రాసుకునే పేరు, ఏదైనా రాయొచ్చు. ఫ్రమ్‌హోస్ట్ ఐపీ, అంటే కనెక్షన్ ఏ ఐపీ నుంచి వచ్చిందో అది, వాడండి.

[స్క్రీన్: క్లయింట్ (లాగ్స్ పంపే మెషీన్) కాన్ఫిగ్]

*.* @@10.0.0.5:514

10.0.0.5 అన్నది లాగ్ సర్వర్ ఐపీ. రెండు ఎట్ గుర్తులుంటే టీసీపీ (కనెక్షన్ పెట్టుకుని పంపే పద్ధతి), ఒకటే ఉంటే యూడీపీ (కనెక్షన్ లేకుండా పంపే పద్ధతి). ఇక్కడ ఒక గుర్తు తగ్గినా ఎర్రర్ రాదు. సర్వర్ టీసీపీ మాత్రమే వింటుంటే ఒక్క లైనూ చేరదు, క్లయింట్ మాత్రం పంపేశాననే అనుకుంటుంది.

ఈ ఒక్క లైన్ చాలదు. లాగ్ సర్వర్ కాసేపు ఆగితే ఆ మధ్య వచ్చిన లైన్లు నిలవాలంటే క్లయింట్‌లో క్యూ, అంటే పంపాల్సిన లైన్లు ఆగే వరస, కావాలి. క్యూ టైప్ లింక్డ్‌లిస్ట్, డిస్క్ పరిమితి ఒక జీబీ, సేవ్ ఆన్ షట్‌డౌన్ ఆన్, రీట్రై కౌంట్ -1, అంటే ఎన్నిసార్లయినా ప్రయత్నించమని. క్యూకి ఫైల్ పేరు తప్పనిసరి. అది రాయకపోతే క్యూ మెమరీలోనే ఉంటుంది, డిస్క్‌కి దిగదు.

నెట్‌వర్క్‌లో ఎవరూ చదవకుండా టీఎల్‌ఎస్ (ఎన్‌క్రిప్షన్ పద్ధతి) పెట్టండి, దాని పోర్ట్ 6514. ఆర్‌సిస్‌లాగ్ గ్నూటీఎల్‌ఎస్ ప్యాకేజీ విడిగా ఇన్‌స్టాల్ చేయాలి. ఆథ్ మోడ్ అనాన్ అని వదిలేస్తే ఎన్‌క్రిప్షన్ ఉంటుంది గానీ, అవతల ఉన్నది మీ సర్వరేనా అని ఎవరూ చూడరు. ఎక్స్509 నేమ్ పెట్టండి, అది సర్టిఫికెట్‌లోని పేరు సరిచూస్తుంది. సర్టిఫికెట్ గడువు తేదీకి ముందే అలారం పెట్టుకోండి, అది దాటితే లాగ్స్ ఆగిపోతాయి.

అన్ని మెషీన్ల గడియారాలూ ఎన్‌టీపీతో (నెట్‌వర్క్ ద్వారా సమయం సరిచేసే పద్ధతి) కలపండి. లేదంటే ఏ లాగిన్ ముందు, ఏది తర్వాత అన్నది తేలదు.

[స్క్రీన్: రెండు టెర్మినల్స్ పక్కపక్కన]

ఇప్పుడు టెస్ట్. క్లయింట్‌లో లాగర్ కమాండ్‌తో ఒక మెసేజ్ పంపండి, అది లాగ్ సర్వర్‌లో పడాలి. తర్వాత లాగ్ సర్వర్‌లో సర్వీస్ ఆపి, క్లయింట్ నుంచి 1, 2, 3 అని మూడు మెసేజ్‌లు పంపి, సర్వీస్ మళ్లీ మొదలుపెట్టండి. మూడూ వచ్చాయంటే క్యూ పనిచేస్తోంది. అయితే సర్వర్ హఠాత్తుగా పడిపోతే, క్లయింట్ పంపేసినా అవతల అందని లైన్లు కొన్ని పోతాయి. ఎందుకంటే మామూలు టీసీపీ సిస్‌లాగ్‌లో అందిందని సర్వర్ జవాబు చెప్పదు. ఆ కొన్ని లైన్లు కూడా వదులుకోలేని చోట రెల్ప్ అనే లాగ్ పంపే ప్రోటోకాల్ వాడండి, అందులో ప్రతి మెసేజ్‌కీ అందినట్టు జవాబు వస్తుంది.