అప్పు ముందు, డిపాజిట్ తరువాత

సభాధ్యక్షులకు, మిత్రులకు నమస్కారం.

డబ్బు ఎక్కడ పుడుతుందని అడిగితే నోట్ల ముద్రణాలయంలో అని చెప్పడం మనకు అలవాటు. అర్థశాస్త్ర పాఠ్యపుస్తకాలు కొంచెం ముందుకు వెళ్లి, ప్రజలు దాచుకున్న సొమ్మును అవసరమున్నవారికి చేరవేసే మధ్యవర్తి బ్యాంకు అని చెబుతాయి. బ్యాంకు బ్రాంచిలో నిజంగా జరిగేది వేరు.

ఒకరికి 20 లక్షల రూపాయల ఇంటి రుణం మంజూరైందనుకుందాం. మేనేజరు ఆ మొత్తాన్ని మరెవరి పొదుపు ఖాతాలోంచీ తీయడు. బ్యాంకు పద్దుల్లో ఒకవైపు రుణగ్రహీత తీర్చవలసిన 20 లక్షలు ఆస్తిగా చేరతాయి; రెండోవైపు, ఇల్లు అమ్మినవారి ఖాతా కూడా అక్కడే ఉంటే, అందులో 20 లక్షల డిపాజిట్ చేరుతుంది. అంతవరకు లేని డబ్బు ఆ రెండు పద్దులతో పుట్టింది. అమ్మినవారి ఖాతా వేరే బ్యాంకులో ఉంటే, రిజర్వు బ్యాంకులో తమకున్న ఖాతాల ద్వారా రెండు బ్యాంకులూ లెక్క తేల్చుకుంటాయి. కిస్తీలు కట్టేకొద్దీ, అసలు తీరిన మేరకు, ఆ డబ్బు తిరిగి మాయమవుతుంది. ఇది మూలన కూర్చున్న తిరుగుబాటుదారుల సిద్ధాంతమేమీ కాదు. 2014లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ తన త్రైమాసిక పత్రికలోనే ఈ క్రమాన్ని వివరించి, పాఠ్యపుస్తకాల వర్ణన సరికాదని రాసింది. బ్యాంకులకు సొంత మూలధనం ఇంత ఉండాలన్న నిబంధనలు, వడ్డీ రేట్లు, అప్పు తీర్చగలవారి కొరత వంటి హద్దులు ఉన్నమాట నిజమే. అయినా డబ్బును పుట్టించే అధికారం చట్టం ప్రకారం రిజర్వు బ్యాంకు లైసెన్సు రూపంలో ఇచ్చినదే కనుక, ఆ డబ్బు స్థలాల ధరలు పెంచడానికి పోతోందా, కౌలు రైతు పంట పెట్టుబడికి చేరుతోందా అని అడిగే హక్కు మనకుంది.

ఇక ప్రభుత్వం విషయం. ఇల్లు నడిపేవారు ఆదాయానికి మించి ఖర్చు చేయకూడదు కనుక కేంద్ర ప్రభుత్వమూ చేయకూడదన్న వాదన ప్రతి బడ్జెట్ సమయంలోనూ వినిపిస్తుంది. ఏ ఇల్లూ తన సొంత కరెన్సీ జారీ చేయదన్న చిన్న విషయాన్ని ఈ వాదన దాటవేస్తుంది. 1997 మార్చి వరకు కేంద్రం అడ్‌హాక్ ట్రెజరీ బిల్లులు, అంటే అవసరమైనప్పుడల్లా రాసిచ్చే స్వల్పకాలిక అప్పు పత్రాలు, ఇచ్చి రిజర్వు బ్యాంకు నుంచి నేరుగా సొమ్ము తీసుకునేది. ఆ పద్ధతిని రద్దు చేశారు. ప్రభుత్వ లోటును అదుపు చేయడానికి తెచ్చిన 2003 నాటి ద్రవ్య బాధ్యత చట్టం 2006 ఏప్రిల్ నుంచి ప్రభుత్వ బాండ్లను జారీ సమయంలోనే కొనకుండా రిజర్వు బ్యాంకును నిలువరించింది. అదే రిజర్వు బ్యాంకు 2021 ఏప్రిల్-జూన్ మధ్య, అప్పటికే కొని పెట్టుకున్నవారి నుంచి మార్కెట్లో, లక్ష కోట్ల రూపాయల ప్రభుత్వ బాండ్లు కొంటానని ముందుగానే ప్రకటించి కొన్నది. గీత గీసింది చట్టమే తప్ప ప్రకృతి కాదన్నమాట. అసలు హద్దు వేరే చోట ఉంది: సిమెంటు, విద్యుత్తు, నర్సులు, ధాన్యం చాలినంత లేనప్పుడు ఎంత ఖర్చు పెట్టినా పెరిగేవి ధరలే.

అయితే ఈ మాటలను అమరావతికో హైదరాబాదుకో యథాతథంగా అన్వయిస్తే పప్పులో కాలేసినట్లే. రాష్ట్రాలకు కరెన్సీ లేదు. కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం కొత్త అప్పు చేయాలంటే రాజ్యాంగం 293(3) అధికరణ ప్రకారం కేంద్రం సమ్మతి కావాలి. కరెన్సీ చేతిలో ఉన్నవారు, లేనివారికి పొదుపు పాఠాలు చెప్పడం మన ఫెడరల్ వ్యవస్థలోని విచిత్రం.

సాంకేతికతదీ ఇదే కథ. ప్రైవేటు చొరవ కొత్తదనం తెస్తుంది, ప్రభుత్వం అడ్డుపడుతుంది అన్న నమ్మకాన్ని టీకొట్టు దగ్గరి క్యూఆర్ కోడ్ ముందు పరీక్షించండి. యూపీఐని 2016లో తెచ్చింది నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్. అది రిజర్వు బ్యాంకు, బ్యాంకుల సంఘం చొరవతో 2008లో ఏర్పడింది. 2020 జనవరి నుంచి వ్యాపారులపై యూపీఐ రుసుము లేకుండా చేసింది కేంద్రం. బ్యాంకులకు ప్రోత్సాహకాలు చెల్లిస్తున్నదీ అదే. ఈ ఉమ్మడి పునాది మీద నిలిచిన రెండు ప్రైవేటు యాప్‌లు, ఫోన్‌పే, గూగుల్ పే, దాదాపు అయిదింట నాలుగు వంతుల చెల్లింపులను నడుపుతున్నాయి. ఏ యాప్ వాటా అయినా 30 శాతం దాటరాదని 2020లోనే ఆ కార్పొరేషన్ నిబంధన పెట్టింది. దాని అమలు గడువును రెండుసార్లు జరిపి 2026 డిసెంబరు 31కి తెచ్చారు. ఎవరి అభ్యంతరాలు విని జరిపారో, చిన్న యాప్‌లకు జరిగిన నష్టాన్ని ఎవరు లెక్కించారో పార్లమెంటు సభ్యులు అడగవలసి ఉంది.