ఏ ఎరుపు దేనికి?

అందరికీ నమస్కారం.

ప్రోగ్రాములు రాసే మనలో చాలామందికి రోజంతా కళ్ళముందుండేవి మూడు: కోడ్ రాసే ఎడిటర్, ఆదేశాలు టైపు చేసే టెర్మినల్, తోటివాళ్ళ మార్పులు చూసేందుకు బ్రౌజర్‌లో కోడ్ రివ్యూ. ఎడిటర్‌లో కామెంట్లు, అంటే కోడ్ మధ్య మనుషుల కోసం రాసే వివరణలు, బూడిద రంగులో ఉంటాయి. అదే ఫైలు టెర్మినల్‌లో తెరిస్తే కామెంట్లు నీలం, ఎడిటర్‌లో స్ట్రింగులకు (కొటేషన్ గుర్తుల మధ్య రాసే మాటలకు) ఉన్న ఆకుపచ్చేమో రివ్యూలో కొత్తగా చేర్చిన లైన్లకి. పగలు ఇదేమంత ఇబ్బందనిపించదు. రాత్రి పదకొండింటికి ప్రొడక్షన్‌లో, అంటే జనం వాడుతున్న సిస్టంలో, తప్పు వెతుకుతున్నప్పుడు మాత్రం, ఏ రంగు ఏం చెబుతోందో ప్రతి కిటికీలో మళ్ళీ గుర్తు తెచ్చుకోవాలి.

ఈ చిక్కు ఎక్కడ మొదలవుతుందో చెబుతాను. ప్రోగ్రాం టెర్మినల్‌కి మామూలుగా పంపేది రంగు కాదు, అంకె. 31 అంటే ఎరుపు, 32 అంటే ఆకుపచ్చ. ఎలాంటి ఎరుపన్నది మన టెర్మినల్ సెట్టింగ్ తేలుస్తుంది. మన తెలుగులో పచ్చ అనే మాట చూడండి. పచ్చ కామెర్లలో అది పసుపు, పచ్చని చేలో ఆకు రంగు. 32 కూడా అలాంటి మాటే. ఇలా అంకెతో పిలిచే రంగుల గళ్ళు మొత్తం 16: మామూలువి 8, వాటి బ్రైట్ జతలు 8.

2011లో ఈథన్ షూనోవర్ విడుదల చేసిన సోలరైజ్డ్ అనే రంగుల థీమ్ మీలో చాలామంది వాడే ఉంటారు. రంగుల మధ్య వెలుతురు తేడాలు కొలిచి మరీ చేసిన పని అది. డార్క్‌లోనూ లైట్‌లోనూ అవే ఎరుపు, అవే నీలం సరిపోతాయి. ఆ శ్రద్ధంటే నాకు చాలా గౌరవం. అయితే అందులో 8 రంగులు నేపథ్యానికీ అక్షరాలకీ కావాలి. వాటికి చోటివ్వడానికి బ్రైట్ గళ్ళలో ఆరు వెళ్ళిపోయాయి. అందుకని టెస్టు పాసయిందని ఏదైనా టూల్ బ్రైట్ గ్రీన్‌లో టిక్కు పెడితే, అది బూడిద రంగులో వస్తుంది. బ్రైట్ బ్లాక్‌లో రాసిన సూచనైతే డార్క్ నేపథ్యంలో పూర్తిగా కలిసిపోతుంది. లైను ఉంటుంది, కనపడదు. మౌస్‌తో సెలెక్ట్ చేస్తే గానీ బయటపడదు.

కాబట్టి ఒకే థీమ్ పేరు అన్నిచోట్లా పెట్టుకుంటే సరిపోదు. ఏ గడి ఏ పనికో ముందు రాసుకోవాలి. 16 గళ్ళకీ పేరూ పనీ ముందే నిర్ణయించే, క్రిస్ కెంప్సన్ మొదలుపెట్టిన బేస్16 పద్ధతి నాకు నచ్చింది ఇందుకే. బేస్08 అనే గడి అంటే వేరియబుల్స్ (విలువలకి పెట్టుకునే పేర్లు), డిఫ్‌లో, అంటే పాత కోడ్‌కీ కొత్త కోడ్‌కీ తేడా చూపే జాబితాలో, తీసేసిన లైన్లు. బేస్0బి అంటే స్ట్రింగులు, చేర్చిన లైన్లు. 16 విలువలు ఒక్క ఫైల్లో ఉంటాయి, ప్రతి టూల్‌కీ ఒక టెంప్లేట్ ఉంటుంది. ఒక నీలం మారిస్తే ఎడిటర్, టెర్మినల్, టీమక్స్ (ఒకే టెర్మినల్‌ని పలు భాగాలుగా చేసే టూల్) మూడింటికీ కొత్త సెట్టింగులు తయారవుతాయి. చేత్తో మూడు చోట్ల దిద్దుతూ కూర్చుంటే ఏదో ఒకచోట పాతది ఉండిపోతుంది.

కామెంట్లను మరీ మసక చేయకండి, ఇది నా గట్టి అభిప్రాయం. మామూలు అక్షరాలకి వెబ్ ప్రమాణాలు అడిగే కనీస కాంట్రాస్ట్, అంటే అక్షరానికీ నేపథ్యానికీ వెలుతురు తేడా, 4.5:1. కామెంటుకీ అంతే ఇవ్వండి, అది మన తోటి మనిషి మనకోసం రాసిపెట్టిన మాట. డిఫ్‌లో ప్లస్, మైనస్ గుర్తులు కూడా దాచేయకండి. ఎరుపు, ఆకుపచ్చ ఒకేలా కనిపించేవాళ్ళు మన టీముల్లో ఉంటారు, వాళ్ళు చదివేది ఆ గుర్తుల్నే.