తిరిగొచ్చే దారి చూపించేదే జీపీఎస్

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే ఇంతమంది వచ్చారు, చాలా సంతోషంగా ఉంది. పార్కింగ్‌లో థార్‌లు, జిమ్నీలు, రెండు పాత జిప్సీలు చూశాను. నేను బండి దిగీ దిగకముందే ముగ్గురు ఒకటే మాట అడిగారు. "అన్నా, తార్రోడ్డు దిగి తిరగడానికి ఏ జీపీఎస్ కొనమంటావ్?" దానికి జవాబు చెప్పే వెళ్తాను. ముందు ఒక సాయంత్రం సంగతి వినండి.

కొన్నేళ్ల కింద దసరా సెలవుల్లో వికారాబాద్ దాటి కోట్‌పల్లి ప్రాజెక్టు వైపు వెళ్లాం. బండిలో నా భార్య, ఇద్దరు పిల్లలు. తార్రోడ్డు వదిలి డొంకల్లో పడి ఓ గంట తిరిగాం. ఫోన్‌లో శాటిలైట్ ఫొటో చూస్తే నీళ్ల పక్కగా తెల్లటి బాట తిన్నగా అవతలి ఊరికి పోతోంది. అటు తిప్పాను. ఇంతలో సిగ్నల్ పోయింది. ఫొటో మాయమై స్క్రీన్ అంతా బూడిదరంగు గళ్లు, మధ్యలో నీలం చుక్క. ఇంకో యాభై గజాలు పోయేవాణ్ణే, మేకలు తోలుకొస్తున్న ఒక పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"అటు పోకు బిడ్డా. ఎండకాలం నీళ్లు దిగినంక పడ్డ బాట అది. ఇప్పుడంతా బురదే."

దిగి చూస్తే గడ్డి కింద నేల మెత్తగా ఊగుతోంది. బండి వెనక్కి తిప్పాం. అప్పటికే మసక చీకటి. వచ్చిన దారిలో డొంక మూడు చోట్ల చీలింది, ఏ చీలికలోంచి వచ్చామో నాకు గుర్తు లేదు. మా చిన్నది ఏడుపు మొదలుపెట్టింది. ఆ తాత మేకల్ని మనవడికి అప్పజెప్పి, మా బండి ముందు సీట్లో కూర్చుని తార్రోడ్డు దాకా తోడొచ్చాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. "పిల్లలను జాగ్రత్తగ తీస్కపో" అని దిగిపోయాడు.

ఆ రాత్రి ఇంటికొచ్చాక కూర్చుని ఆలోచించాను. జీపీఎస్ ఎక్కడ ఫెయిలైంది? ఎక్కడా కాలేదు. నీలం చుక్క చివరిదాకా సరిగ్గా నేనున్న చోటే ఉంది. ఈ ఒక్క విషయం అర్థమైతే సగం టెన్షన్ పోతుంది. ఇరవై వేల కిలోమీటర్ల పైన తిరిగే శాటిలైట్లు పంపే సిగ్నల్‌ని మన ఫోన్ వింటుంది, అంతే. నాలుగు శాటిలైట్లు దొరికితే మనం ఎక్కడ, ఎంత ఎత్తులో ఉన్నామో లెక్క కట్టేస్తుంది. దీనికి సిమ్ అక్కర్లేదు, డేటా అక్కర్లేదు. డేటా ఉంటే మొదటి చుక్క త్వరగా పడుతుంది, లేకపోతే కాసేపు ఆగాలి. డేటా కావాల్సింది చుక్క కింద పరిచే మ్యాప్ కోసం. అమెరికా జీపీఎస్‌తో పాటు వేరే దేశాల ఇలాంటి శాటిలైట్లే గ్లోనాస్, గెలీలియో, బైడూ, మన నావిక్ అంటూ షాపులో పెద్ద లిస్టు చదువుతారు. ఇవి ఎక్కువ ఉంటే లోయల్లో, చెట్ల కింద కొంత మేలే. కానీ దాని కోసమే వేలు పోసి కొత్తది కొనకండి.

కొనేముందు మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: సిగ్నల్ లేని చోట, చీకటి పడ్డాక, ఇది నన్ను వచ్చిన దారినే వెనక్కి తీసుకెళ్తుందా? యాప్ అయినా, డివైస్ అయినా ఈ గీటురాయి మీదే చూడండి.

మ్యాప్‌తో మొదలుపెడదాం. గూగుల్ మ్యాప్స్‌లో ఆఫ్‌లైన్ ఏరియా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. చేవెళ్ల దాకానో, సదాశివపేట దాకానో రోడ్డు మీద పోవడానికి దానికి తిరుగులేదు. కానీ డౌన్‌లోడ్‌లో శాటిలైట్ ఫొటో రాదు. బండిబాటలు, డొంకలు, ఒర్రె దాటే చోట్లు అందులో తక్కువ. వాటి కోసం ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ వాడే యాప్‌లు పెట్టుకోండి. 2004లో బ్రిటన్‌లో మొదలైన మ్యాప్ ఇది, మనలాంటి వాళ్లు తిరిగి తిరిగి గీసింది. ఆర్గానిక్ మ్యాప్స్ తేలిక, మా అమ్మకు కూడా నేర్పగలను. ఓస్మాండ్ మొదట్లో తల తిప్పేస్తుంది, మెనూలో మెనూ. అయినా నేను వాడేది అదే. ఎత్తుపల్లాల గీతలు, ట్రాక్ రికార్డింగ్ (మనం పోయిన దారిని గీతగా దాచుకోవడం), మనకు నచ్చిన జీపీఎక్స్ ఫైల్ (అలా దాచిన దారి గీత) ఎక్కించుకోవడం అన్నీ నెట్ లేకుండా నడుస్తాయి. రెండు ఆదివారాలు కూర్చుంటే చేతికొస్తుంది.

యూట్యూబ్‌లో చాలామంది గయా, ఆన్‌ఎక్స్ అని చెప్తారు. మంచి యాప్‌లే, కానీ వాటి బలమంతా అమెరికా అటవీ మ్యాపుల్లో, అక్కడి భూముల హద్దుల్లో ఉంది. తాండూరు పొలాల్లో తిరగడానికి ఏడాదికింత అని కట్టడం దండగ అని నా అభిప్రాయం.

మనకు ఇంకో ఆస్తి ఉంది, చాలామందికి తెలియదు. సర్వే ఆఫ్ ఇండియా టోపో షీట్లు, అంటే నేలను కొలిచి ప్రభుత్వ సంస్థ గీసిన వివరమైన మ్యాపులు. 1:50,000 స్కేలులో ఒక సెంటీమీటర్ అంటే నేల మీద అర కిలోమీటర్. వాగులు, కుంటలు, గుట్టలు, పాత బండిబాటలు ఎంత శ్రద్ధగా గీశారో చూస్తే మనసు నిండుతుంది. ఆ సంస్థ మనుషులకు సర్వే నేర్పే చోటు మన ఉప్పల్‌లోనే ఉంది. ఇంకా వెనక్కి పోతే, 1818లో సర్వేయర్ జార్జ్ ఎవరెస్ట్, మన దేశాన్ని కొలిచే పెద్ద సర్వే నడుపుతున్న విలియం లాంబ్టన్‌కు సహాయకుడిగా హైదరాబాద్‌కే వచ్చాడు. మరుసటి ఏడాది కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో కొలతలు తీస్తూ జ్వరంతో పడిపోయాడు. ఆ కొలతల వరస మన ఊరి పక్కనుంచే, 78 డిగ్రీల రేఖాంశం వెంట సాగింది. ఇదంతా చెప్పడానికి కారణం ఉంది. పాత టోపో షీట్లు భూమి ఆకారానికి ఆ ఎవరెస్ట్ కట్టిన లెక్క మీద గీసినవి, జీపీఎస్ వాడేది డబ్ల్యూజీఎస్84 అనే వేరే లెక్క. పాత షీటు స్కాన్ చేసి యాప్‌లో ఎక్కిస్తే మీ చుక్క రోడ్డు మీద ఉండదు, పక్క పొలంలో పడుతుంది. ఆ సంస్థే అందరికీ ఇచ్చే ఓపెన్ సిరీస్ అనే కొత్త షీట్లు డబ్ల్యూజీఎస్84 మీదే గీసినవి, వాటికి ఆ గొడవ లేదు, అవి తీసుకోండి.

ఇక శాటిలైట్ ఫొటో. కోట్‌పల్లిలో నన్ను మోసం చేసింది ఫొటో తీసిన నెల. వేసవిలో తీసిన ఫొటోలో చెరువు అడుగు మైదానంలా కనిపిస్తుంది. ఇప్పుడు నేను ఏ ట్రిప్‌కైనా ముందు రోజు కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ తెరిచి, గడియారం గుర్తు నొక్కి పాత ఫొటోలు తిప్పుతాను. ఒకే బాట మే నెలలో ఎలా ఉంది, అక్టోబరులో ఎలా ఉంది అని. నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో కళ్లకు కడుతుంది. ఏ ఫొటో, ఏ మ్యాప్ కచ్చితంగా చెప్పనిది మాత్రం నేల సంగతి. జహీరాబాద్, తాండూరు వైపు నల్లరేగడి ఒక్క వాన పడితే టైర్ పళ్లన్నీ పూడ్చేస్తుంది, ఫోర్ బై ఫోర్ కూడా దిగబడుతుంది. అది మాత్రం ఊళ్లో ఆగి అడగాల్సిందే.

డివైస్ దగ్గరికొద్దాం. మీ చేతిలో ఉన్న ఫోనే మొదటి డివైస్, చాలామందికి అదే చాలు. పెద్ద స్క్రీన్ కావాలని టాబ్లెట్ కొనేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి: వైఫై మాత్రమే ఉన్న ఐప్యాడ్‌లో జీపీఎస్ చిప్ ఉండదు. సిమ్ పట్టే మోడల్‌లోనే ఉంటుంది. సిమ్ వెయ్యకపోయినా సరే, మోడల్ మాత్రం అదే తీసుకోండి. మా స్నేహితుడు ఒకతను ఇది తెలియక కొని, ఊరు దాటాక చుక్క కదలక నానా తంటాలు పడ్డాడు.

మన ఎండల్లో ఫోన్‌కు పెద్ద శత్రువు వేడి. ఐఫోన్‌ని 35 డిగ్రీల లోపు వాడమని కంపెనీయే చెప్తుంది. మే నెల మధ్యాహ్నం అద్దం కింద డాష్‌బోర్డు మీద పెట్టి, ఛార్జింగ్ కూడా పెడితే ఏమవుతుంది? స్క్రీన్ మసకబారుతుంది, తర్వాత హెచ్చరిక వస్తుంది, తర్వాత పని మానేస్తుంది. అందుకే నేను మౌంట్‌ని ఏసీ వెంట్ ముందు బిగించాను. గట్టి స్క్రూ మౌంట్ వాడండి, అద్దానికి అంటించే రబ్బరు కప్పు గతుకుల్లో ఊడి కాళ్ల దగ్గర పడుతుంది, బ్రేక్ కింద చేరితే ప్రమాదం.

తరచుగా వెళ్లేవాళ్లకు గార్మిన్ ఈట్రెక్స్ లాంటి చేతి జీపీఎస్ ఒకటి ఉంటే మంచిది. ఎండలో స్క్రీన్ బాగా కనిపిస్తుంది, తడి చేత్తో బటన్లు నొక్కచ్చు, మామూలు పెన్సిల్ సెల్స్‌తో నడిచే మోడళ్లు ఉన్నాయి. ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్తున్నాను. అదే కంపెనీ ఇన్‌రీచ్ అనే రకం శాటిలైట్ ద్వారా మెసేజ్‌లు పంపుతుంది. మన దేశంలో అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్, అలాంటి మెసెంజర్ దగ్గర పెట్టుకోవడం నేరం. విదేశాల నుంచి చుట్టాలు తెస్తామన్నా వద్దనండి. సిగ్నల్ వినే జీపీఎస్‌తో ఇబ్బంది లేదు, శాటిలైట్‌కు సిగ్నల్ పంపేదాంతోనే.

అలాగే యాప్‌లో గీత కనిపించినంత మాత్రాన వెళ్లే హక్కు వచ్చినట్టు కాదు. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో బాటలు మ్యాప్‌లో కనిపిస్తాయి. అనుమతి లేకుండా అక్కడికి బండి తోలకండి. అది వేరే జీవుల ఇల్లు.

ట్రాక్ రికార్డింగ్ విషయం చెప్పకపోతే నేను ఇవాళ వచ్చిన పనే కానట్టు. తార్రోడ్డు దిగే చోట రికార్డ్ నొక్కండి. ఆండ్రాయిడ్ ఫోన్లు బ్యాటరీ ఆదా కోసం స్క్రీన్ ఆరగానే వెనకాల నడిచే యాప్‌ని ఆపేస్తాయి. సెట్టింగ్స్‌లోకి వెళ్లి మీ మ్యాప్ యాప్‌కి బ్యాటరీ ఆంక్షలు తీసేయండి. లేదంటే రికార్డ్ అవుతోందనుకుంటారు, తిరిగి చూస్తే మొదటి పది నిమిషాల గీతే ఉంటుంది. నాలుగు బండ్లు కలిసి పోతే కనీసం రెండు ఫోన్లలో రికార్డ్ పెట్టండి. ఎవరికైనా లొకేషన్ నంబర్లు చదివి చెప్పేటప్పుడు డిగ్రీల్లోనా, డిగ్రీలు నిమిషాల్లోనా అన్నది ముందే తేల్చుకోండి. 17.30 అని మీరు దశాంశంలో చెప్పింది అవతలివాళ్లు 17 డిగ్రీల 30 నిమిషాలు అని రాసుకుంటే, సాయానికి వచ్చే బండి ఇరవై రెండు కిలోమీటర్ల అవతల మీకోసం వెతుకుతుంది.

ఇక నా మాటలు చాలు. అందరూ ఫోన్లు తీసి ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. రికార్డ్ నొక్కి, గేటు దాటి, వెనక సందులో రెండు మలుపులు తిరిగి, ఆ గీత పట్టుకునే ఈ హాలుకి తిరిగి రండి. గీత పడనివాళ్లు నేరుగా నా దగ్గరికొచ్చి ఫోన్ ఇవ్వండి, సెట్టింగ్స్ కలిసి చూద్దాం. మీరు వచ్చేసరికి చాయ్ తయారుగా ఉంటుంది.