కడుపుతో ఉన్నప్పుడు కంటిచూపు

అందరికీ నమస్కారం. ప్రతి నెలా 9వ తేదీన పరీక్షలకు వస్తే బరువు చూస్తారు, రక్తం తీస్తారు, బీపీ చూస్తారు. కంటి సంగతి ఎవరూ పెద్దగా అడగరు, మీరూ చెప్పరు. "ఈమధ్య బస్సు బోర్డులు మసగ్గా కనిపిస్తున్నాయి" అంటే ఇంట్లో వచ్చే జవాబు నాకు తెలుసు: "ముందు ఆ ఫోను పక్కన పెట్టు!"

ఫోను తప్పు కొంత ఉండొచ్చు. కానీ కాళ్లకు నీరు పట్టినట్టే, కంటి ముందు అద్దంలా ఉండే కార్నియాకూ ఈ నెలల్లో కాస్త నీరు పడుతుంది. దాని మందం, వంపు కొంచెం మారతాయి, సైటు అటూ ఇటూ అవుతుంది. నిన్నటిదాకా హాయిగా పెట్టుకున్న కాంటాక్ట్ లెన్సు గుచ్చుకుంటుంది. కళ్లు పొడిబారి ఇసుక పడ్డట్టు గరగరలాడతాయి. కాన్పయ్యాక కొన్ని వారాల్లో చాలామందికి ఇదంతా సర్దుకుంటుంది. మరీ ఇబ్బంది లేకపోతే ఇప్పుడు కొత్త అద్దాలకు డబ్బు తగలెయ్యకండి. లేజర్ ఆపరేషన్ ఆలోచన ఉంటే బిడ్డ పాలు మానేదాకా ఆగండి.

కళ్ల ముందు మెరుపులు, నల్లటి చుక్కలు, ఒకటి రెండుగా కనబడటం, ఉన్నట్టుండి చూపు మసకబారడం మాత్రం వేరే కథ. అది సైటు కాదు, బీపీ కావచ్చు. 20 వారాలు దాటాక బీపీ 140/90కి చేరి, మూత్రంలో ప్రోటీన్ పోతుంటే ప్రీఎక్లాంప్సియా అంటారు. రక్తనాళాలు బిగుసుకుంటాయి. కంటి లోపల వెనకవైపు ఉండే పొర, రెటీనా కింద నీరు చేరొచ్చు. కొందరిలో మెదడులో చూపుకు సంబంధించిన భాగం వాచి, కన్ను బాగానే ఉన్నా చూపు పోతుంది. వైద్యం అందితే ఎక్కువమందికి చూపు తిరిగొస్తుంది. కానీ ఆలస్యమైతే ఫిట్స్ వస్తాయి, తల్లీబిడ్డల ప్రాణాల మీదికొస్తుంది.

అందుకే అలాంటప్పుడు నా దగ్గరకు రాకండి! కళ్ల డాక్టరునే చెబుతున్నాను. తిన్నగా కాన్పుల ఆసుపత్రికి వెళ్లండి. తలనొప్పి, పైకడుపులో నొప్పి కూడా తోడైతే తెల్లారనివ్వొద్దు, 108కి ఫోన్ చేయండి. కాన్పయిపోయింది కదా అని ధీమా వద్దు, బాలింతలకూ ఇది రావచ్చు.

నా దగ్గరకు తప్పకుండా రావాల్సింది కడుపు రాకముందు నుంచే షుగర్ ఉన్నవాళ్లు. ఈ నెలల్లో రెటీనా త్వరగా దెబ్బతినొచ్చు, మొదటి మూడు నెలల్లోనే ఒకసారి చూపించుకోండి. కడుపుతో ఉన్నప్పుడే కొత్తగా షుగర్ వచ్చినవాళ్లకు కంటి విషయంలో ఆ టెన్షన్ అంతగా అక్కర్లేదు. చీకటి పడ్డాక గడప, మెట్టు కనబడకపోతే "నీరసంలే" అనుకోకండి, అది విటమిన్ ఎ తగ్గితే వచ్చే రేచీకటి కావచ్చు. విటమిన్ ఎ మాత్రలు మాత్రం సొంతంగా కొని మింగొద్దు, ఎక్కువైతే బిడ్డకు చేటు.

ఇంకొకటి. మైనస్ పవర్ ఎక్కువుంటే నార్మల్ డెలివరీ కుదరదని, నొప్పులు తీస్తే రెటీనా ఊడిపోతుందని భయపెడుతుంటారు. ఆ ఒక్క కారణంతో ఆపరేషన్ అక్కర్లేదు.

సందేహాలుంటే అడగండి. ముందు ఆ రెండో వరసలో, నేను మెరుపులు అన్నప్పటి నుంచి పక్కావిడ చెవిలో ఏదో చెబుతున్న అమ్మాయీ, నువ్వు రామ్మా. బీపీ చూద్దాం.