పాత బట్టతో డిజైన్ నేర్పేటప్పుడు

అందరికీ నమస్కారం. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు కుట్టు టీచర్లే ఇక్కడ ఎక్కువ. అందుకని పర్యావరణం మీద ఉపన్యాసం పక్కనపెట్టి నేరుగా కోత బల్ల దగ్గరికి వస్తాను.

పాత బట్ట మీద డిజైన్ అనగానే మనం మొదటి క్లాసులోనే పిల్లల చేతికి కాగితం, పెన్సిలు ఇచ్చేస్తాం. వాళ్ళు చక్కటి గౌను గీస్తారు. తీరా కోయబోతే ఆ కొలతకి చాలినంత గట్టి బట్ట చీరలో దొరకదు. కొత్త తాను ఎక్కడ కోసినా ఒకటే బలం, పాత చీర జానెడు జానెడుకీ తేడా. మొదటి వారం బొమ్మలు వద్దు, బట్ట చూడటం నేర్పండి.

ఐదున్నర మీటర్ల చీర ఉతికి ఆరేసి, కిటికీ వెలుతురుకి అడ్డంగా పట్టించండి. పలచబడ్డ చోటల్లా సుద్దముక్కతో గుర్తు పెట్టాలి. ఎక్కువగా నడుం దగ్గర దోపే భాగం, నేలకి రాసుకునే కింది అంచు, భుజం మీద పిన్ను గుచ్చే చోటు బయటపడతాయి. తరువాత రెండు చేతుల బొటనవేళ్ళతో రెండంగుళాల మేర పట్టి నిలువుకీ అడ్డానికీ లాగాలి. పోగులు జరిగి సందు కనబడితే అది పైబట్టకి పనికిరాదు. బరంపురం పట్టుతో ఇంకో తిరకాసు ఉంది. గుడి గోపురాల వరసలా నేసే కుంభం అంచు నిక్షేపంలా ఉంటుంది గానీ, ఏళ్ళతరబడి ఒకే మడతలో పెట్టెలో ఉంటే మడత వెంట పట్టు చిట్లిపోతుంది. మడతకీ మడతకీ మధ్య ముక్కలే తీసుకోండి. కొరాపుట్ జిల్లా కోట్‌పాడ్‌లో నేసే ముతక నూలు చీర సంచులకీ, కోట్లకీ బాగా ఆగుతుంది. అయితే చిరుగు లేని కోట్‌పాడ్ చీర మీద కత్తెర పెట్టడం నాకు ససేమిరా ఇష్టం ఉండదు.

పాత బట్టకి కుట్టు దగ్గరగా వేస్తే గట్టిగా ఉంటుందనుకుంటారు. జరిగేది దానికి వ్యతిరేకం: సూది బెజ్జాలు వరసగా పడి, తపాలా బిళ్ళ అంచులా అక్కడే చినుగుతుంది. కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లు, కుట్టు బయట వదిలే మార్జిన్ 2 సెంటీమీటర్లు ఉంచండి. పలచని నూలుకి 11 నంబరు సూది చాలు, జీన్స్‌కి 16 కావాలి. వెనక అస్తరుగా మల్లు గుడ్డ (పలచని మెత్తని నూలు) వేస్తే దాన్ని ముందే తడిపి ఆరేయాలి. లేదంటే మొదటి ఉతుకుకే అది కుంచించుకుపోయి పైబట్ట ముడతలు పడుతుంది.

మొదటి పనిగా మగవాళ్ళ చొక్కాతో మూడేళ్ళ పాపకి పట్టీల గౌను కుట్టించండి. చంక కింద అడ్డంగా కోస్తే అడుగు భాగం గౌనుకి సరిపోతుంది. బొత్తాల పట్టీ వీపు వైపు పెడితే కాజాలు మళ్ళీ తీయక్కర్లేదు. పై అంచుకి కుచ్చు పెట్టేటప్పుడు బొత్తాల పట్టీకి అటూ ఇటూ 2 సెంటీమీటర్లు వదిలేయాలి, లేకపోతే బొత్తాం దగ్గర బట్ట పీక్కుపోతుంది. భుజం పట్టీలు చేతుల బట్టలోంచి వస్తాయి.

కోత గీత చాలా చొక్కాల్లో జేబు మీదుగానే పోతుంది కాబట్టి జేబు ముందే విప్పాలి. బ్లేడుతో లాగకుండా, కుట్లు విప్పే రిప్పర్‌తో నాలుగైదు కుట్లకొకటి తెంపి, రెండోవైపు నుంచి దారం లాగేయాలి. జేబు ఊడగానే దాని కింద ఎండ తగలని ముదురు గడి కనిపిస్తుంది. దాన్ని అతుకుతో కప్పుతారా, కుచ్చులో దాస్తారా, అదే బొమ్మగా నిలబెడతారా అన్నది పిల్లలకే వదలండి. కాగితం, పెన్సిలు అప్పుడు ఇవ్వండి.