బైపాస్ తర్వాత నడక: మంచమూ వద్దు, కొండా వద్దు

గుండె ఆపరేషనయి ఇంటికొచ్చిన పెద్దాయనకు ఇంట్లోవాళ్ళు వేసే మొదటి శిక్ష: ‘మూడు నెల్లు మంచం దిగొద్దు నాయనా.’ ఇది వింటేనే ఒళ్ళు మండుతుంది! డెబ్బై ఏళ్ళ ఒంట్లో కండ వారం పడుకుంటేనే కరుగుతుంది. ఊపిరితిత్తుల అడుగున కఫం చేరుతుంది, కాళ్ళలో రక్తం గడ్డకట్టొచ్చు. ఆస్పత్రిలో అంత త్వరగా లేపి నడిపించేది ఇందుకే.

ఇంకో రకం ఉన్నారు: బాగైతే నడిచొస్తానని మొక్కుకుని, నెల తిరక్కుండానే అలిపిరికి బయల్దేరేవాళ్ళు. స్వామి తొందరేమీ పెట్టడు. గుండెజబ్బున్నవాళ్ళు మెట్లెక్కొద్దని టీటీడీయే చెబుతుంది.

అయినా ఆ 3,550 మెట్ల దారే మనకు పాఠం. గాలిగోపురం దాకా ఎక్కుడు. కింద పరుగెత్తినోళ్ళు అక్కడికే కూలబడతారు. మీ మొదటి ఆరు వారాలూ ఆ ఎక్కుడే అనుకోండి. ఇంటికొచ్చాక వసారాలో, చదునుగా, 5 నిమిషాలు, రోజుకు మూడుసార్లు. రోజుకో నిమిషమో రెండో పెంచండి. ఆరో వారానికి ఏకబిగిన 30 నిమిషాలు రావాలి. తిన్నాక గంట ఆగండి. మన ఎండకు పొద్దున 7 లోపే ముగించండి.

వేగం ఎంత? ‘ఏడుకొండలవాడా వెంకటరమణా గోవిందా’ అని మధ్యలో ఊపిరందక ఆగకుండా అనగలగాలి. ఆగితే వేగం ఎక్కువ. రాగం తీసి పాడగలిగితే కొంచెం పెంచొచ్చు. వాచీలో నాడి అంకెను నమ్ముకోకండి. మెటోప్రొలాల్ లాంటి మాత్రలు దాన్ని పెరగనివ్వవు. చివరి 5 నిమిషాలు నిదానించండి. టక్కున ఆగితే రక్తం కాళ్ళలోనే నిలిచి, బీపీ పడి, కళ్ళు తిరుగుతాయి.

ఛాతీ ఎముకను తీగలతో కుట్టి ఉంటారు. అతకడానికి 6 నుంచి 8 వారాలు, గట్టిపడడానికి 12 దాకా. అందాకా రెండు మూడు కిలోలకు మించి ఎత్తొద్దు. బిందె వద్దు, మనవడూ వద్దు (ఇదే ఎవరూ వినరు). లేచేటప్పుడు పక్కకు తిరిగి, కాళ్ళు కిందికి దించి, అప్పుడు లేవండి. దగ్గొస్తే దిండును ఛాతీకి హత్తుకోండి.

మిగతావి గబగబా చెప్పేస్తా. రోజూ పొద్దున బరువు చూడండి. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే నీరు చేరుతున్నట్టే, డాక్టరుకు ఫోను చేయండి. గాయం నుంచి చీము, జ్వరం, ఎముక దగ్గర టిక్కుటిక్కుమనడం, పిక్క ఒక్కటే వాచి నొప్పెట్టడం: అదే రోజు సర్జన్ దగ్గరికి. నడుస్తుంటే ఛాతీ బిగిస్తే కూర్చోండి, తగ్గకపోతే 108. రక్తం పల్చబడే మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు. స్కూటరు ఎప్పుడు నడపొచ్చో, మొక్కు ఎప్పుడు తీర్చొచ్చో రెండూ చెకప్‌లో అడగండి. కొండ సంగతి ట్రెడ్‌మిల్ పరీక్ష చూశాకే తేలుస్తారు.