లావు ముందా, దిగులు ముందా?

అధ్యక్షులవారికి, వేదిక మీదున్న డాక్టర్లకు, ముందు వరుసల్లో కూర్చున్న నర్సింగ్ విద్యార్థినులకు నమస్కారం. పరిచయంలో నా గురించి చాలా చెప్పారు. నేను కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పినదాన్ని, డాక్టర్ని కాను. అది గుర్తుంచుకుంటే చాలు.

లావుగా ఉన్నవాళ్లలో డిప్రెషన్ ఎక్కువని సర్వేలు ఎప్పటినుంచో చెబుతున్నాయి. మరి ఏది దేనికి కారణం? దిగులుతో ఎక్కువ తిని లావయ్యారా? లావు వల్లే దిగులా? పేదరికం లాంటి మూడోదేదో రెండింటినీ తెచ్చిందా? ఎంతమందిని అడిగి రాసుకున్నా ఈ చిక్కు విడదు.

జన్యువులు పనికొచ్చేది ఇక్కడే. అమ్మానాన్నల దగ్గరున్న వాటిలో ఏ జన్యువు బిడ్డకు వస్తుందన్నది లాటరీ తీసినట్టే, పుట్టకముందే తేలిపోతుంది. తర్వాత వచ్చిన దిగులు దాన్ని మార్చలేదు. కాబట్టి బరువు పెంచే జన్యుమార్పులు ఉన్నవాళ్లలో డిప్రెషన్ కూడా ఎక్కువగా కనిపిస్తే, బరువును గట్టిగా అనుమానించవచ్చు. దీన్ని మెండీలియన్ రాండమైజేషన్ అంటారు. 1986లో డచ్ శాస్త్రవేత్త మార్టిన్ కటాన్ లాన్సెట్ అనే వైద్య పత్రికకు రాసిన లేఖలో ఈ ఆలోచన ఉంది. 2003లో బ్రిటన్ పరిశోధకులు జార్జ్ డేవీ స్మిత్, షా ఇబ్రహీం దాన్ని ఒక పద్ధతిగా నిలబెట్టారు.

మా అక్క చిన్నప్పటి నుంచీ బొద్దుగా ఉండేది. ఏ పెళ్లికెళ్లినా "ఏమే, ఇంకా లావయ్యావు" అన్నదే పలకరింపు. ముందు పెళ్లిళ్లు మానేసింది, తర్వాత గుడి మానేసింది, చివరికి గుమ్మం దాటడమే మానేసింది. రాత్రిళ్లు నిద్రపట్టడం లేదని ఒక ఆస్పత్రికి తీసుకెళ్తే, బరువు చూసి "తిండి తగ్గించమ్మా, అన్నీ అవే సర్దుకుంటాయి" అని పంపేశారు. నిద్ర గురించి ఒక్క ప్రశ్న లేదు. ఎందుకు ఏడుస్తోందో అడగలేదు. ఇంట్లోనేమో "తిని కూర్చుంటే దిగులు రాక ఏమొస్తుంది" అనేవాళ్లు. ఆ మాట మా అమ్మ కూడా అంది. అక్క అదే నమ్మింది. తప్పంతా తనదే అనుకుంది. నాకు ఇవాళ్టికీ కోపం ఆ నమ్మకం మీదే.

2018లో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వాళ్లు, ఆస్ట్రేలియా పరిశోధకులతో కలిసి, యూకే బయోబ్యాంక్ అనే, బ్రిటన్‌లో స్వచ్ఛందంగా చేరినవాళ్ల జన్యు, ఆరోగ్య వివరాల భాండాగారంలోని సమాచారంతో ఈ చిక్కు తీయబోయారు. అందులో 5 లక్షల మంది ఉన్నారు. డిప్రెషన్ ఉన్నవాళ్లే 48 వేలకు పైగా. బరువు పెంచే మామూలు జన్యుమార్పులతో పాటు ఇంకో రకాన్నీ చూశారు. ఈ రెండో రకం కొవ్వు పెంచుతుంది గానీ షుగర్ లాంటి జబ్బుల ముప్పు తగ్గిస్తుంది. వాటితోనూ డిప్రెషన్ ముప్పు పెరిగింది! అంటే షుగరూ బీపీ లేకపోయినా, ఒళ్లు లావుగా ఉండటమే మనసును కుంగదీస్తోందన్నమాట. ఆడవాళ్లలో ఈ ప్రభావం ఇంకా ఎక్కువ. సమాజం చూసే చూపు ఇందుకు కారణం కావచ్చు. నేనైతే పెళ్లిళ్లలో అనే ఆ మాట అంటాను. అమ్మా, ఇక్కడున్న పెద్దమ్మలూ పిన్నులూ, దయచేసి ఆ పలకరింపు మానేయండి.

ఈ పద్ధతికీ లోపాలున్నాయి. ఒకే జన్యువు రెండు పనులు చేస్తుంటే లెక్క తప్పుతుంది. బరువుకు సంబంధించిన జన్యువులు చాలావరకు మెదడులోనే పనిచేస్తాయి, అవే నేరుగా మనసు మీదా పనిచేస్తుండవచ్చు. అందుకే ఎన్నో జన్యుమార్పులు తీసుకుని, నాలుగు రకాలుగా లెక్కగట్టి చూస్తారు. ఇంకొక మాట. ఇది గుంపులో కారణం వెతికే లెక్క, ఒక అమ్మాయి జాతకం చెప్పే లెక్క కాదు. దీన్ని అడ్డం పెట్టుకుని సంబంధాలు చెడగొట్టకండి.

యూకే బయోబ్యాంక్‌లో అత్యధికులు తెల్లవాళ్లు. అక్కడి జవాబు మనకూ అలాగే సరిపోతుందని చెప్పలేం. మన దగ్గర జీనోమ్ ఇండియా అనే ప్రభుత్వ ప్రాజెక్టు కింద 10 వేల మంది జన్యుక్రమాలు చదివారు. మంచి పని. కానీ ఇలాంటి ప్రశ్నకు జవాబు రావాలంటే లక్షల మంది జన్యు సమాచారం కావాలి, దానికి వాళ్ల ఏళ్ల తరబడి ఆరోగ్య వివరాలు తోడవ్వాలి. ఆ వివరాల్లో మనసు సంగతి కూడా ఉండాలి. మనం అడగనే అడగం, ఇంకెక్కడ రాస్తాం?

అందుకే డాక్టర్లకు నాదొక విన్నపం. మీ ఓపీ కాగితంలో బరువుకు గడి ఉంది. దాని పక్కనే నిద్ర గురించి ఒకటి, దిగులు గురించి ఒకటి, రెండు ప్రశ్నలు అచ్చువేయించండి. వేయిస్తారో లేదో ఈ సభలోనే చెప్పండి. మైకు మీకిస్తున్నాను.